చెవి మూసుకుపోయింది, వారం చూద్దామా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మల్కాజిగిరి. మా ఆయనకు 44 ఏళ్లు, స్టీలు సామాన్ల దుకాణం నడుపుతారు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. పోయిన ఆదివారం పొద్దున లేచేసరికి కుడి చెవి మూసుకుపోయినట్టుందన్నారు. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే ఏమీ వినబడక, ఫోనే పాడైందనుకుని దుకాణంలో పిల్లాడితో రిపేరుకు కూడా పంపించారు. ఆ రోజు కాస్త తల తిరిగింది, ఇప్పుడు లేదు. చెవిలో మాత్రం ఒకటే హోరు. మా అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది, మెడికల్ షాపులో చుక్కల మందూ జలుబు మాత్రలూ ఇచ్చారు. తగ్గకపోతే శుక్రవారం ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. వినికిడి పరీక్ష చేసి నరం దెబ్బతిన్నదన్నారు. రెండు వారాలకు స్టెరాయిడ్ మాత్రలు రాశారు, ఎమ్మారై తీయించమన్నారు. మా ఆయన మాత్రలు ముట్టుకోలేదు. ‘స్టెరాయిడ్ వేసుకుంటే షుగర్ ఎక్కడికో పోతది, గింత చెవికి ఎమ్మారై ఎందుకు, వారం చూద్దాం, అదే తెరుసుకుంటది’ అంటున్నారు. మా ఆడపడుచు వాళ్లాయన కూడా ఇదంతా డబ్బుల కోసమే అంటున్నారు. గుబిలి అడ్డుపడి ఉండొచ్చు కదా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మెయిల్ శనివారం రాత్రి చూశాను. చూసిన వెంటనే ‘వారం చూడొద్దు, ఆ డాక్టర్‌కి షుగర్ సంగతి చెప్పారో లేదో ఇప్పుడే కనుక్కోండి, చెప్పి ఉంటే రేపు పొద్దున టిఫిన్ కాగానే మొదటి మాత్ర పడాలి’ అని రెండు ముక్కలు రాసి పంపాను. ఇక్కడ రాస్తున్నది ఆ రెండు ముక్కల వెనక ఉన్న కారణాలు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, దాదాపు అన్నింట్లోనూ వరస ఇదే: చెవి మూసుకుంది, నూనె పోశాం, చుక్కలు వేశాం, నెలైంది, ఇప్పుడేం చేయాలి? మీరు ఆరో రోజుకే రాశారు, అదీ పరీక్ష చేయించాక రాశారు. చాలామంది కంటే ముందున్నారు, ఆ ముందు ఉండటాన్ని ఇప్పుడు పోగొట్టుకోవద్దు.

మీ ఆయనకు వచ్చినదాన్ని సడన్ హియరింగ్ లాస్ అంటాం. మూడు రోజుల్లోపు, అంటే 72 గంటల్లో, పక్కపక్కనే ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో (సన్న శబ్దమా, బొంగురు శబ్దమా అని చెప్పే స్థాయిలు) కనీసం 30 డెసిబెల్స్ మేర వినికిడి పడిపోతే ఆ పేరు పెడతాం. 30 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఎదుటివాళ్లు మామూలుగా మాట్లాడే మాట గుసగుసలా వినిపించేంత తేడా అది. ఎక్కువగా ఒక చెవికే వస్తుంది. చాలామంది నిద్ర లేస్తూనే గమనిస్తారు, లేదా మీ ఆయనలాగా ఫోన్ చెవికి పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. కొందరికి చెవిలో ‘టప్’మన్న శబ్దం వచ్చి ఆ తర్వాత పోతుంది. నొప్పి ఉండదు, చీము కారదు, జ్వరం రాదు, బయటి నుంచి చూస్తే చెవి శుభ్రంగా ఉంటుంది. ఇంతా చేసి మనిషికి అనిపించేది ‘చెవి మూసుకుంది’ అని మాత్రమే. జలుబు చేసినా అలాగే అనిపిస్తుంది, తలస్నానం చేసినప్పుడు నీళ్లు పోయినా అలాగే అనిపిస్తుంది. అందుకే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. నా మటుకు నేను ఈ జబ్బులో జబ్బుకంటే ఈ పోలికనే ఎక్కువ తిట్టుకుంటాను.

గుబిలి సంగతి చూద్దాం. మీ డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూసే ఉంటారు, గుబిలి ఉంటే అక్కడే తీసేసేవారు. అయినా మీ ఆయనకు నమ్మకం కుదరాలి కాబట్టి ఒక చిన్న పని చేయించండి. ముందు మీరు చేసి చూడండి. మీ కుడి చెవిని వేలితో మూసుకుని, పెదాలు కలిపి ‘మ్‌మ్‌మ్’ అని కూనిరాగం తీయండి. శబ్దం మూసిన చెవిలోనే పెద్దగా మోగుతుంది కదా. గుబిలి అడ్డుపడినా, కర్ణభేరి వెనక నీరు చేరినా జరిగేది ఇదే, అడ్డున్న వైపే ఎక్కువ వినిపిస్తుంది. ఇప్పుడు మీ ఆయన్ని వేలు పెట్టుకోకుండా అదే రాగం తీయమనండి. పాడైన కుడి చెవిలో కాకుండా బాగున్న ఎడమ చెవిలో పెద్దగా వినిపిస్తే, దారిలో అడ్డేమీ లేదు, తేడా లోపల నరం దగ్గరే ఉందన్నమాట. ఈఎన్‌టీ వాళ్లు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద ఆనించి ‘ఎటు వినిపిస్తోంది’ అని అడిగేది ఇందుకే. ఇంట్లో చేసేది అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది గానీ దీన్ని పట్టుకుని మందు మొదలుపెట్టడం, మానేయడం చేయకూడదు. నమ్మాల్సింది ఆడియోగ్రామ్‌ను, అంటే శుక్రవారం చేసిన వినికిడి పరీక్ష కాగితాన్ని.

ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది, తీసి చూడండి. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం రంగు ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. అందులో గాలి ద్వారా వినేదానికి ఒక గీత, చెవి వెనక ఎముకకు ఆనించి చేసిన పరీక్షకు ఇంకో గీత ఉంటాయి. గుబిలి వగైరా అడ్డు అయితే ఎముక గీత పైనే ఉండి గాలి గీత మాత్రం కిందికి జారుతుంది, రెండింటి మధ్య ఖాళీ కనిపిస్తుంది. నరం దెబ్బతింటే రెండూ కలిసే కిందికి దిగుతాయి. మీ ఆడపడుచు వాళ్లాయనకు ఈ కాగితం చూపించండి, ఇందులో డబ్బుల వ్యవహారం ఏమీ లేదు.

నూనె ఇక వద్దు. మీ అత్తమ్మ ప్రేమకొద్దీ పోశారు, ఆవిడను ఏమీ అనకండి. కానీ ఈ జబ్బు ఉన్న చోటుకి ఆ నూనె చేరనే చేరదు, కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. పైగా వేడి నూనె చెవి కాలువ చర్మాన్ని కాల్చగలదు, మీ ఆయనకు షుగర్ ఉంది కాబట్టి అక్కడ ఇన్ఫెక్షన్ పట్టిందంటే ఒక్కోసారి ఎముక దాకా పాకుతుంది, అది దీనికి పది రెట్ల తలనొప్పి. మెడికల్ షాపు చుక్కలూ ఆపేయండి.

లోపల ఏం జరిగిందంటారా. లోపలి చెవిలో కాక్లియా అని మెలి తిరిగిన ఒక చిన్న గొట్టం ఉంటుంది. అందులో సుమారు 15,000 సున్నితమైన కణాలు శబ్దాన్ని అందుకుని నరానికి అందిస్తాయి. వాటికి రక్తం తెచ్చేది ఒకే ఒక సన్నని ధమని. ఒకటే నల్లా కనెక్షన్ ఉన్న ఇంట్లాంటిది, అది ఆగితే ట్యాంకరు తెప్పించుకునే వీలు లేదు. చచ్చిపోయిన కణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు, కానీ దెబ్బతిని ఇంకా చావని కణాలు కోలుకోగలవు. తొందర ఎందుకంటే వాటి కోసమే.

ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం పది మందిలో తొమ్మిది మందికి కారణం దొరకదు. వైరస్ వల్ల వాపు వచ్చిందని, రక్తప్రసరణ ఆగిందని, ఒంట్లో రక్షణ వ్యవస్థే సొంత చెవి మీద తిరగబడిందని అనుమానాలున్నాయి. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ విమానం దిగి వస్తుండగా ఉన్నట్టుండి వినిపించడం మానేసిందని, వైరస్ వల్ల వినికిడి నరం దెబ్బతిన్నదని డాక్టర్లు చెప్పారని తనే ప్రకటించారు. అప్పుడు ఒక నెలపాటు మా ఓపీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే పిల్లలంతా భయపడి వచ్చారు, మంచిదే అనుకున్నాను. కారణం దొరికే ఆ మిగతా కొద్దిమందిలో గవదబిళ్లలు, మెదడు పొరల వాపు, తల తిప్పుతూ వినికిడి తగ్గించే మెనియర్స్ జబ్బు, వినికిడి నరం పక్కన పెరిగే కణితి ఉంటాయి. కొన్ని మందులు కూడా చెవిని దెబ్బతీస్తాయి, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ లాంటివి. మీ ఆయన ఈ మధ్య వేరే జబ్బుకు ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుని ఉంటే డాక్టర్‌కి చెప్పండి. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నిలబడి వచ్చాక చెవి మొద్దుబారడం వేరే వ్యవహారం, అది ఎక్కువగా రెండు చెవులకూ వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది, అలా సర్దుకోకపోతే అదీ చూపించాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం మాత్రలూ ఓపీలూ అని చూడకూడదు. చెవితోపాటు మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, నిలబడలేనంతగా తూలడం, వీటిలో ఏది ఉన్నా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మీ ఆయనకు మొదటి రోజు తల తిరిగి తగ్గిందన్నారు, అది లోపలి చెవి వల్లే అయి ఉండొచ్చు, అయినా మళ్లీ వస్తే గమనించండి.

ఇక స్టెరాయిడ్. మీ ఆయన భయం అర్థం లేనిది కాదు. షుగర్ పెరుగుతుంది, నేను లేదనను. కానీ పెరిగే షుగర్‌ను దించుకునే దారులున్నాయి, చెవి నరానికి దాటిపోయిన రెండు వారాలను వెనక్కి తెచ్చే దారి లేదు. ఈ మందు మొదటి రెండు వారాల్లో పడితేనే బాగా పనిచేసే అవకాశం ఎక్కువ, ఎంత ముందు పడితే అంత మంచిది. సాధారణంగా బరువు కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకు 60 దాటకుండా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పది నుంచి పద్నాలుగు రోజులు ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. మీకు రాసిన మోతాదు ఏదైతే అదే వాడండి, నా లెక్క చూసి మార్చొద్దు. బాగుందనిపించిందని మధ్యలో టక్కున ఆపేయొద్దు కూడా.

షుగర్ ఎలా చూసుకోవాలో వినండి, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం భోజనం తర్వాతా సాయంత్రమూ ఎక్కువ కనిపిస్తుంది. పరగడుపున చూస్తే 120 ఉండి, అదే రోజు సాయంత్రం 300 ఉండొచ్చు. కాబట్టి ఈ రెండు వారాలు పరగడుపు ఒక్కటే చూసి ‘నార్మలే ఉంది’ అనుకోవద్దు, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, మళ్లీ రాత్రి భోజనానికి ముందు గ్లూకోమీటర్‌తో చూసి ఒక కాగితం మీద రాయండి. షుగర్ డాక్టర్‌కి ముందే ఫోన్ చేసి ఇలా స్టెరాయిడ్ మొదలుపెడుతున్నామని చెప్తే, మాత్ర పెంచడమో కొన్నాళ్లు ఇన్సులిన్ ఇవ్వడమో చేస్తారు. ఇన్సులిన్ అంటే మళ్లీ ఇంకో టెన్షన్ పెట్టుకుంటారేమో, స్టెరాయిడ్ అయిపోయాక చాలామందికి అదీ ఆగిపోతుంది. కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవి ఉంటాయి, అందుకే మాత్ర పొద్దున తిన్న తర్వాతే వేసుకోవాలి. ఆయనకు ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే, కడుపులో పుండు ఉంటే, కంట్లో గ్లకోమా ఉంటే మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఒకవేళ షుగర్ ఇప్పటికే అదుపులో లేదు, మాత్రలు వద్దని షుగర్ డాక్టర్ అన్నారనుకోండి, అప్పుడు కూడా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. అదే రకం మందును చెవిలోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. కర్ణభేరిని మొద్దుబార్చి, సన్నని సూదితో దాని వెనకున్న ఖాళీలోకి డెక్సామెథసోన్ లేదా మిథైల్ ప్రెడ్నిసొలోన్ పంపిస్తారు. ఆ చెవి పైకి ఉండేలా ఒక పక్కకు తిరిగి ఓ అరగంట పడుకోవాలి, ఆ కాసేపు మాట్లాడకూడదు, వీలైనంత వరకు గుటక వేయకూడదు, వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది. కొన్ని రోజుల తేడాతో కొన్నిసార్లు చేస్తారు. మందు ఎక్కువగా చెవిలోనే ఉండిపోతుంది కాబట్టి ఒంట్లో షుగర్ మీద ప్రభావం చాలా తక్కువ. సూది అనగానే మా పేషెంట్లు కుర్చీ పట్టుకుని బిగుసుకుపోతారు గానీ, అయిపోయాక ‘ఇంతేనా’ అనే వాళ్లే ఎక్కువ. కాసేపు తల తిరగొచ్చు, కొద్దిగా నొప్పి ఉండొచ్చు, అరుదుగా కర్ణభేరికి చిన్న రంధ్రం మిగలొచ్చు. మాత్రలతో గుణం కనిపించని వాళ్లకు కూడా, జబ్బు మొదలైన రెండు నుంచి ఆరు వారాల మధ్యలో, ఈ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తాం.

స్టెరాయిడ్ కచ్చితంగా పనిచేస్తుందని ఎవరైనా రాసిచ్చారంటే నమ్మకండి. మందు లేకుండానే మూడో వంతు నుంచి మూడింట రెండొంతుల మందికి ఎంతో కొంత వినికిడి తిరిగొస్తుంది, అందుకే మీ ఆయనలా ‘అదే తెరుసుకుంటది’ అనేవాళ్లలో కొందరి మాట నిజమవుతుంది, వాళ్లే ఊరంతా చెప్తారు. తిరిగిరాని వాళ్లు ఎవరికీ చెప్పుకోరు. ఏ గుంపులో పడతామో ముందు తెలియదు, అదృష్టం మీద వదిలేయడం కంటే ఉన్న ఒక్క మందూ వేసుకోవడం మేలని నా అభిప్రాయం. స్టెరాయిడ్‌తో కలిపి ఒత్తిడి గదిలో ఆక్సిజన్ పట్టే చికిత్స కూడా ఉంది, మన నగరంలో కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో దొరుకుతుంది, ఖర్చుతో కూడిన పని, వినికిడి బాగా ఎక్కువగా పోయినప్పుడు ఆలోచించొచ్చు. ఇక ‘నరాలకు బలం’ అని రాసే విటమిన్ ఇంజెక్షన్లు, రక్తం పలచబరిచే మాత్రలు, వైరస్ మందులు, వీటికి ఈ జబ్బులో మేలు చేసినట్టు సరైన రుజువు లేదు. మీ చీటీలో అవి లేవంటే మీ డాక్టర్ పద్ధతి గల మనిషే.

ఎమ్మారై దగ్గర మీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ‘గింత చెవికి’ కాదు, చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం కోసం. ఒకే చెవి ఇలా ఉన్నట్టుండి పోయినవాళ్లలో కొద్దిమందికి ఆ నరం మీద కణితి ఉంటుంది. క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది, కానీ ఉందో లేదో తెలియాలి. స్టెరాయిడ్‌తో వినికిడి తిరిగొచ్చినా ఆ కణితి లేదని చెప్పలేం, కొన్నిసార్లు అది ఉన్నవాళ్లకు కూడా మందుతో మెరుగవుతుంది. అందుకని బాగైపోయింది కదా అని మానేయొద్దు. అయితే రేపే తీయించాలని లేదు, కొన్ని రోజులు ఆగినా ఫరవాలేదు, డబ్బు సర్దుకునే టైమ్ ఉంది. మందు మాత్రం స్కానింగ్ కోసం ఆగకూడదు. ఎవరైనా దీనికి బదులు తలకు సీటీ స్కాన్ తీయించమంటే ఎందుకని అడగండి, ఆ కణితులు చిన్నగా ఉంటే సీటీలో దొరకవు. స్కానింగ్‌కి వెళ్లేముందు షుగర్ ఉందని చెప్పి క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో చూపించండి, చేతి రక్తనాళంలోకి ఇచ్చే రంగు మందుకు కిడ్నీలు ఎలా ఉన్నాయో వాళ్లు చూసుకోవాలి.

ఖర్చే ఇబ్బంది అయితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, పొద్దున్నే వెళ్తే ఓపీలోనే చూస్తారు, ఈ పేరు చెప్పి ‘ఉన్నట్టుండి వినికిడి పోయింది, ఇన్ని రోజులైంది’ అని తేదీతో సహా చెప్పండి. ‘చెవి మూసుకుంది’ అంటే లైన్లో వెనక్కి వెళ్తారు. వినికిడి పరీక్షలకూ, తర్వాత మెషీన్ అవసరమైతే దానికీ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మల్కాజిగిరి నుంచి మీకు మరీ దూరం కాదు.

తిరిగొస్తుందా అంటే, వచ్చేదేదో ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లో కదలిక చూపిస్తుంది. మొదట్లో తల తిరగడం, వినికిడి మరీ ఎక్కువ పోవడం, వయసు పైబడటం, ఇవి కాస్త వెనక్కి లాగే విషయాలు. మీ ఆయన విషయంలో మొదటిది ఉంది, వయసు మాత్రం అనుకూలమే. మందు అయిపోగానే ఒక ఆడియోగ్రామ్, ఆరు నెలలకు ఇంకొకటి తప్పనిసరి. పూర్తిగా రాకపోయినా దారులు మూసుకుపోవు, ఆ చెవికి కొంత మిగిలి ఉంటే మామూలు మెషీన్, ఏమీ మిగలకపోతే అటువైపు శబ్దాన్ని మంచి చెవికి పంపే మెషీన్, కొందరికి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్. ఆ మాట ఇప్పుడు ఆయన దగ్గర ఎత్తకండి, ముందు మందు వేసుకోనివ్వండి.

ఈలోపు ఒక చెవితో ఉన్న మనిషికి శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు. బండి మీద వెళ్తుంటే కుడి పక్కన లారీ హారన్ కొట్టినా ఎడమ నుంచి వచ్చినట్టే ఉంటుంది. కొన్నాళ్లు ఆయన్ని బండి తీయనివ్వకండి, రోడ్డు దాటేటప్పుడు మీరు ఆయనకు కుడి పక్కన నడవండి. దుకాణంలో స్టీలు గిన్నెల చప్పుడుకి ఆయనకు ప్రాణం పోయినట్టుంటుంది, వినబడని చెవికి కూడా పెద్ద శబ్దాలు గుచ్చుకుంటాయి, ఇది విచిత్రమే గానీ నిజం. గల్లా పెట్టె స్థానం మార్చి ఎడమ చెవి గిరాకీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. రాత్రి హోరు ఎక్కువ అనిపిస్తే ఫ్యాన్ వేసుకుని పడుకోమనండి, నిశ్శబ్దంలోనే అది ఎక్కువ వినిపిస్తుంది. వినబడక ‘ఆఁ? ఆఁ?’ అంటుంటే పిల్లలు నవ్వకుండా చూడండి, మగవాళ్లు చెప్పుకోరు గానీ అది బాగా తగులుతుంది, మందు వద్దని మొండికేయడం వెనక సగం ఆ భయమే ఉంటుంది.

రెండు వారాలు పూర్తయ్యాక చేసే ఆడియోగ్రామ్‌ను వీలైతే శుక్రవారం చేసిన చోటే, అదే మెషీన్ మీద చేయించండి. పాత కాగితాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు మెయిల్ చేయండి, రోజూ మూడు పూటలా రాసిన షుగర్ కాగితం కూడా.